మూతపడ్డ పబ్ స్థలంలో ఇళ్లు: కూల్చాలా, మార్చాలా, కింద పబ్ ఉంచాలా?

ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ మనవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా ఇళ్ల దగ్గరికొచ్చి ఆగుతుంది. అద్దెకిచ్చిన ఇంట్లో ఇప్పుడేమీ మిగలట్లేదని ఒకరు, మార్ట్‌గేజ్ వడ్డీ చూస్తే నిద్ర పట్టట్లేదని ఇంకొకరు, ఇంతలో ఒకాయన ఫోన్ తీసి "ఇది చూడండి, మా వీధి చివర పబ్ అమ్మకానికొచ్చింది, అర ఎకరం దాకా ఉంది, పడగొట్టి తొమ్మిదో పదో ఇళ్లు వేస్తే..." అంటాడు. రెండేళ్ల కిందట మా దగ్గర ఆ ఫోన్ తీసింది నేనే.

కొనలేదు లెండి. కానీ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది, నలుగురి జేబుల్లోంచీ కొంత డబ్బు కరిగింది, ఇంట్లో మాటలూ పడ్డాయి. ఆ ఖర్చుతో నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాను. నేను ప్లానర్‌నీ కాదు, లాయర్‌నీ కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇదంతా ఇంగ్లండ్‌కి సంబంధించింది, స్కాట్లాండ్, వేల్స్‌లలో ప్లానింగ్ చట్టాలు వేరు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మీరు పబ్ కొంటున్నానని అనుకుంటారు గానీ చాలా చోట్ల నిజంగా కొనేది దాని కార్ పార్కుని. ఇళ్లు వచ్చేది అక్కడ, లాభం ఉండేది అక్కడ, చిక్కు దాక్కునేదీ అక్కడే.

మేం చూసిన పబ్

మిడ్‌లాండ్స్‌లో, 1930లలో కట్టిన కాలనీ అంచున ఉంటుంది. ఆ రోజుల్లో బ్రూవరీలు (బీరు తయారుచేసే కంపెనీలు) కొత్త కాలనీల పక్కన, పెద్ద రోడ్ల మీద, కార్లలో వచ్చేవాళ్ల కోసం విశాలంగా కట్టిన పబ్‌ల బాపతు ఇది. ఏజెంట్ తలుపు తోస్తే సగమే తెరుచుకుంది, వెనకాల నెలల తరబడి వచ్చిన ఉత్తరాలు, పిజ్జా కరపత్రాలు గుట్టపడి ఉన్నాయి. కార్పెట్ మీద అడుగు వేస్తే బూటు అతుక్కుని 'చప్' మంటుంది, ఎన్నేళ్ల బీరు ఒలికిందో. డార్ట్స్ బోర్డు పీకేసిన చోట గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ, దాని చుట్టూ గురి తప్పిన వాళ్లందరి లెక్కా రాసిపెట్టినట్టు సన్నటి చిల్లులు. సెల్లార్ (కింద నేలమాళిగ) మెట్లు దిగబోతే మూడో మెట్టు దగ్గరే నీళ్లు కనిపించాయి. కరెంటు తీసేశాక నీళ్లు తోడే పంపు ఆగిపోయిందట.

బయటికొస్తుంటే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి "మళ్లీ తెరుస్తున్నారా?" అని అడిగాడు. మా నలుగురిలో ఎవరికీ ఏం చెప్పాలో తోచలేదు, నవ్వి ఊరుకున్నాం. ఆయన మా మొహాలు చూసి అర్థం చేసుకున్నట్టే తలూపి వెళ్లిపోయాడు.

2000లో బ్రిటన్ మొత్తం మీద 60 వేలకి పైగా పబ్‌లుండేవి, ఇప్పుడు 45 వేల దగ్గర్లో ఉన్నాయి. సూపర్‌మార్కెట్‌లో చవగ్గా దొరికే బీరు, 2007 జులై నుంచి ఇంగ్లండ్‌లో లోపల పొగ తాగనివ్వకపోవడం, కరెంటు బిల్లులు, పబ్‌లని గంపగుత్తగా కొన్న కంపెనీల అద్దెలు, ఇలా ఎవరి కారణం వాళ్లు చెబుతారు. మా ఊళ్లో పాత సినిమా హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టినప్పుడు సినిమాకి పోని వాళ్లు కూడా "అయ్యో" అన్నారు, ఇక్కడ పబ్ మూతపడితే ఆ బాధ అంతకి పదింతలు ఉంటుంది. ఏం కట్టనివ్వాలో తేల్చే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ప్లానింగ్ కమిటీలో కూర్చునే కౌన్సిలర్లు ఓట్లు అడగాల్సింది కూడా అలా బాధపడే స్థానికులనే, ఇది మర్చిపోయి లెక్కలు వేస్తే మొదటికే మోసం.

ఖాళీగా ఉంది కదా, మార్చేసుకోవచ్చు అనుకోకండి

ఆఫీసుల్ని, షాపుల్ని పూర్తి ప్లానింగ్ పర్మిషన్ లేకుండా, కౌన్సిల్‌కి ముందుగా తెలిపి కొన్ని అంశాల మీద మాత్రం ఆమోదం తీసుకుని ఫ్లాట్లుగా మార్చే వీలుంది. ఎవరో యూట్యూబ్‌లో దాని గురించి చెప్పింది విని పబ్‌కి కూడా అంతే అనుకునేవాళ్లు ఎక్కువ (మాలో ఒకాయన అలాగే అనుకున్నాడు, పేరు చెప్పను, ఇది చదువుతాడు). 2017 మే 23 నుంచి పబ్‌ని పడగొట్టాలన్నా, ఇంకో పనికి వాడాలన్నా ఇంగ్లండ్‌లో పూర్తి పర్మిషన్ కావాల్సిందే. 2020 సెప్టెంబర్‌లో వినియోగ తరగతులు (ఏ కట్టడాన్ని దేనికి వాడొచ్చో చెప్పే చట్టపరమైన వర్గాలు) మార్చినప్పుడు షాపులు, రెస్టారెంట్లు, ఆఫీసులు ఒకే గొడుగు కిందికి వచ్చాయి గానీ పబ్‌ని మాత్రం ఏ తరగతిలోనూ పెట్టకుండా విడిగా వదిలేశారు. అంటే ఆ సులువు దారి పబ్‌కి లేదు.

ముందు పడగొట్టేసి తర్వాత క్షమాపణ చెప్పుకుందాం అనే తెలివి కూడా ఇక్కడ నడవదు. లండన్‌లో మైడా వేల్ దగ్గర కార్ల్‌టన్ టావెర్న్ అని 1920లో మొదలుపెట్టి కట్టిన పబ్ ఉంది. 2015 ఏప్రిల్‌లో, దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించబోతున్నారనగా, యజమాని కంపెనీ పర్మిషన్ లేకుండానే బుల్డోజర్ తెచ్చి కూల్చేసింది. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టమని ఆదేశించింది, అప్పీలు చేసినా ఓడిపోయారు, కట్టారు, 2021 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. స్టాఫర్డ్‌షైర్‌లోని క్రూకెడ్ హౌస్, అదే ఒక పక్కకి ఒరిగిపోయి ఉండే పాత పబ్, 2023 ఆగస్టు 5న తగలబడింది, రెండ్రోజుల్లోనే మిగిలిన గోడలూ కూల్చేశారు. 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ దాన్నీ మళ్లీ కట్టమని నోటీసు ఇచ్చింది.

కాబట్టి అసలు ప్రశ్న "ఇక్కడ పబ్ ఇక నడవదు" అని మీరు రుజువు చేయగలరా అన్నది. లండన్‌లో అయితే 2021 లండన్ ప్లాన్ ప్రకారం సరైన ధరకి కనీసం 24 నెలల పాటు పబ్‌గానే మార్కెట్లో పెట్టినా ఎవరూ ముందుకు రాలేదని చూపించాలి. బయట కౌన్సిల్‌ని బట్టి మారుతుంది, ఏడాది చాలనేవి చాలా ఉన్నాయి. పాత యజమాని ఏ ఏజెంట్ ద్వారా పెట్టాడు, ఎంతకి పెట్టాడు, ఎవరైనా అడిగారా, అడిగితే ఎందుకు కుదరలేదు, ఈ కాగితాలన్నీ కొనేముందే చేతిలో ఉండాలి. ఇళ్ల స్థలం ధరకి పబ్‌ని అమ్మకానికి పెట్టి "రెండేళ్లయినా ఎవరూ రాలేదు" అంటే కౌన్సిల్ వాళ్లు నవ్వుతారు.

ఇంకోటి, ఆ పబ్ 'అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ' (స్థానికులకి విలువైన చోటు అని కౌన్సిల్ గుర్తించినవి) జాబితాలో ఉందేమో కౌన్సిల్ వెబ్‌సైట్లో చూడండి, అయిదు నిమిషాల పని. 2011 చట్టం ప్రకారం అందులో ఉంటే యజమాని అమ్ముతానని తెలిపిన దగ్గర్నుంచి 6 వారాలు ఆగాలి, ఆలోగా స్థానిక సంఘం ఏదైనా "మేమూ పోటీకొస్తాం" అంటే మొత్తం 6 నెలలు ఆగాలి. ఆ తర్వాత కూడా వాళ్లకే అమ్మాలని రూలేమీ లేదు, కానీ మీ బ్రిడ్జింగ్ లోన్ (కొన్ని నెలలకే ఎక్కువ వడ్డీకి ఇచ్చే అప్పు) వాడు ఆగడు కదా.

అన్నీ పడగొట్టి కొత్తగా కట్టడం

బిల్డర్లకి ఇష్టమైన దారి ఇదే, ఎందుకంటే పాత గోడల్లో ఏముందో అన్న భయం ఉండదు. ప్లాను మన ఇష్టం, కొత్త ఇళ్ల నిర్మాణానికి కాంట్రాక్టర్ బిల్లు మీద వ్యాట్ సున్నా, బ్యాంకులకి కూడా అర్థమయ్యే ప్రాజెక్ట్. అయితే పర్మిషన్ దొరకడం అన్నిటికంటే కష్టం కూడా ఇక్కడే. 1930ల కప్పుల్లో, పైపుల చుట్టూ, టైల్స్ కింద ఆస్‌బెస్టాస్ ఉంటుందనే అనుకోండి, కూల్చేముందు దాని సర్వే తప్పనిసరి.

గబ్బిలాల సంగతి వింటే మొదట నవ్వొస్తుంది. పాత పెంకుల కింద గబ్బిలాలు ఉండే అవకాశం ఉందని మొదటి సర్వేలో తేలితే, సాయంత్రం పూట అవి బయటికొస్తున్నాయో లేదో కూర్చుని లెక్కపెట్టే రెండో సర్వే చేయాలి, అది మే నుంచి సెప్టెంబర్ మధ్యలోనే కుదురుతుంది. అక్టోబర్‌లో పబ్ కొంటే, ఆ సర్వే కోసం వచ్చే మే దాకా వడ్డీ కడుతూ కూర్చోవాలి.

తొమ్మిది ఇళ్ల అప్లికేషన్లు ఇంగ్లండ్‌లో ఎందుకన్ని కనిపిస్తాయో ఎప్పుడైనా గమనించారా? 10 ఇళ్లు గానీ అంతకు మించి గానీ వేసినా, స్థలం అర హెక్టారు గానీ అంతకు మించి గానీ ఉన్నా అది పెద్ద ప్రాజెక్ట్ కింద లెక్క, అప్పుడు తక్కువ ధర ఇళ్లు కొన్ని ఇవ్వమని కౌన్సిల్ అడగొచ్చు, నిర్ణయానికి గడువు కూడా 8 వారాల బదులు 13 వారాలు. అందుకని అందరూ తొమ్మిది దగ్గర ఆగిపోతారు. కౌన్సిల్ వాళ్లకీ ఇది తెలుసు, పన్నెండు పట్టే స్థలంలో తొమ్మిది వేస్తే "స్థలాన్ని పూర్తిగా ఎందుకు వాడట్లేదు" అని అడుగుతారు. పబ్ వెనక గడ్డి తోట ఉంటే 2024 ఏప్రిల్ నుంచి చిన్న సైట్లకి కూడా జీవవైవిధ్యం 10 శాతం పెంచి చూపించాలన్న నిబంధన వచ్చింది, దీంట్లో మార్పులు జరుగుతున్నాయి కాబట్టి అప్లికేషన్ పెట్టే రోజుకి రూలేమిటో కన్సల్టెంట్‌ని అడగండి.

నా ఉద్దేశం ఏంటంటే, 1960లు, 70లలో కౌన్సిల్ ఎస్టేట్ మధ్యలో ఫ్లాట్ రూఫ్‌తో డబ్బాలా కట్టిన పబ్ అయితే, మార్కెటింగ్ రుజువులు గట్టిగా ఉంటే, పడగొట్టడమే మేలు. ఆ బిల్డింగ్‌లో కాపాడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మిగతా రకాలకి ఈ దారిని చివర్లో ఆలోచించండి.

బిల్డింగ్ ఉంచి ఫ్లాట్లుగా మార్చడం

చూడ్డానికి ఇది సులువుగా అనిపిస్తుంది, గోడలున్నాయి, కప్పుంది, మధ్యలో పార్టిషన్లు వేస్తే సరి. వీధి మూల మీద రెండు మూడు అంతస్తుల విక్టోరియన్ పబ్‌కి, ముందర రంగు టైల్స్, పైన మీటింగ్ హాలు ఉండే రకానికి, ఇది నిజంగానే బాగా కుదురుతుంది. ఇల్లు కాని కట్టడాన్ని ఇల్లుగా మారిస్తే కాంట్రాక్టర్ వ్యాట్ 20 బదులు 5 శాతం. కానీ పబ్‌ల పైఅంతస్తులో మేనేజర్ కుటుంబం ఉండే ఫ్లాట్ ఉంటుంది చూశారూ, అది ఇప్పటికే ఇల్లు కింద లెక్క, కాబట్టి అమ్మినప్పుడు వ్యాట్ వెనక్కి రాబట్టుకునే విషయంలో పేచీ వస్తుంది. మామూలు అకౌంటెంట్ దీన్ని పట్టుకోకపోవచ్చు, ప్రాపర్టీ వ్యాట్ తెలిసినవాళ్లని వెతకండి.

లెక్క ఎలా కరిగిపోతుందో చెబుతాను. మేం చూసిన పబ్‌లో కింద బార్, లౌంజ్ కలిపి దాదాపు 180 చదరపు మీటర్లు. ఇద్దరుండే ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి జాతీయ ప్రమాణం ప్రకారం 50 చదరపు మీటర్లు కావాలి. కాబట్టి మూడున్నర, పోనీ మూడు అనుకుని సంబరపడ్డాం. ఆర్కిటెక్ట్ వచ్చి పై ఫ్లాట్లకి మెట్లు, మంటలొస్తే బయటికొచ్చే దారి, బిన్‌లకి, సైకిళ్లకి గది, మీటర్ల కప్‌బోర్డు గీశాక రెండు మిగిలాయి, ఆ రెండో దాని బెడ్‌రూమ్‌కి సరైన కిటికీ లేదు. పబ్ హాలు లోతుగా ఉంటుంది, మధ్యలోకి వెలుతురు రాదు, తాగేవాళ్లకి అది ఇబ్బంది కాదు గానీ పడుకునేవాళ్లకి, చదువుకునే పిల్లలకి ఇబ్బందే. సెల్లార్‌ని బెడ్‌రూమ్ చేద్దామన్న ఆలోచన వస్తుంది, రానివ్వకండి, ఆ నీళ్లు గుర్తు తెచ్చుకోండి.

ఇలా మార్చిన ఫ్లాట్ కొనాలనుకునే వాళ్లకి కూడా ఒక మాట: గోడలు కొట్టి చూడండి, పై వాళ్ల అడుగుల చప్పుడు ఎలా వినిపిస్తుందో సాయంత్రం పూట వెళ్లి వినండి, పాత పెంకుల కప్పు రిపేర్ ఖర్చు సర్వీస్ చార్జ్‌లో ఎలా పంచుతారో లీజు చదవండి. 2022 జూన్ 30 తర్వాత ఇచ్చిన కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్ (స్థలం యజమానికి ఏటా కట్టే అద్దె) ఉండకూడదు, ఎవరైనా అడిగితే ఎందుకని నిలదీయండి.

కింద పబ్, పైన ఫ్లాట్లు, వెనకాల ఇళ్లు

నాకు నచ్చిన దారి ఇది. పబ్ మొత్తం ఇంత పెద్దది ఇప్పుడెవరికీ అక్కర్లేదు. అందులో మూడో వంతు చిన్న పబ్‌గా ఉంచి, పైన రెండు ఫ్లాట్లు చేసి, కార్ పార్కులో వరసగా ఇళ్లు వేస్తే ఊరివాళ్ల కోపం సగానికి సగం తగ్గుతుంది, "కమ్యూనిటీ స్థలం పోతోంది" అనే పెద్ద అభ్యంతరం బలహీనపడుతుంది, డబ్బేమో ఎలాగూ వెనక ఇళ్లలోనే వస్తుంది. వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో మూతపడబోయిన పబ్‌లని పంజాబీ కుటుంబాలు తీసుకుని బీరు, గ్రిల్, కూర పెట్టి నిలబెట్టిన సంగతి ఇక్కడున్న అందరికీ తెలిసిందే, దేశీ పబ్‌లనే పేరే వచ్చేసింది. పబ్ నడవదు అనేది ఎప్పుడూ బిల్డింగ్ తప్పు కాదు, నడిపేవాళ్లని బట్టి కూడా ఉంటుంది.

అయితే ఇందులో సగం మనసుతో దిగితే రెండు వైపులా నష్టం. పబ్ ఉన్న చోటికి కొత్తగా ఇళ్లు వస్తే చప్పుడు ఆపే ఏర్పాటు ఇళ్లు కట్టేవాళ్లే చేయాలి, పబ్ కాదు. 2018 నుంచి జాతీయ ప్లానింగ్ విధానంలో ఈ సూత్రం ఉంది. అంటే బార్ సీలింగ్‌కీ ఫ్లాట్ ఫ్లోర్‌కీ మధ్య మామూలు కంటే మందమైన సౌండ్‌ప్రూఫింగ్, వంటగది పొగ గొట్టం ఫ్లాట్ల కిటికీల పక్కనుంచి కాకుండా కప్పు పైదాకా, బీరు పీపాలు తెచ్చే లారీ ఆగే చోటు, తాగి బయట నిలబడి మాట్లాడుకునే వాళ్లు పిల్లల బెడ్‌రూమ్ కింద కాకుండా ఇంకో వైపు ఉండేలా తోట. ఇవి ప్లాన్‌లో మొదటి రోజే పడాలి. పైగా పబ్ మీద ఉన్న ఫ్లాట్‌కి మార్ట్‌గేజ్ ఇవ్వడానికి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి, కాబట్టి ఆ ఫ్లాట్ల అమ్మకపు ధర కాస్త తగ్గించే లెక్క వేయండి, లేదా అద్దెకే ఉంచుకోండి.

ఒక దొంగ ఎత్తు గురించి కూడా చెప్పాలి. "పబ్ ఉంచుతాం" అని పర్మిషన్ తెచ్చుకుని, కింద వట్టి సిమెంటు గోడల డబ్బా కట్టి, బార్ లేదు, కిచెన్ లేదు, అద్దె ఆకాశంలో పెట్టి, రెండేళ్లయ్యాక "చూశారా ఎవరూ రాలేదు, ఇది కూడా ఫ్లాట్ చేస్తాం" అని మళ్లీ అప్లికేషన్ పెట్టడం. పక్కింటి వాళ్లుగా మీరు కామెంట్ రాస్తుంటే అడగాల్సింది ఒక్కటే: ఇళ్లలోకి జనం చేరేలోపు పబ్ లోపలి పని పూర్తి చేయాలన్న షరతు పెట్టమనండి.

ఊరివాళ్లే తీసుకోవడం

వినడానికి ఆదర్శంలా ఉంటుంది గానీ జరిగినవి ఉన్నాయి. దక్షిణ లండన్‌లో నన్‌హెడ్‌లోని ఐవీ హౌస్‌ని 2013లో స్థానికులు 8 లక్షల 10 వేల పౌండ్లకి కొన్నారు, కమ్యూనిటీ అసెట్ జాబితాకెక్కిన మొదటి పబ్ అదే. బ్రైటన్‌లో బెవెండీన్ ఎస్టేట్‌లో మూతపడ్డ పబ్‌ని అక్కడివాళ్లే 2014లో 'బెవీ' పేరుతో తెరిచారు, పెద్దవాళ్ల భోజనాలు, చిన్న చిన్న క్లాసులు అన్నీ అక్కడే. కానీ డబ్బు దొరకడం కష్టమవుతోంది. 2021లో ప్రభుత్వం పెట్టిన 15 కోట్ల పౌండ్ల కమ్యూనిటీ ఓనర్‌షిప్ ఫండ్ 2024 డిసెంబర్‌లో మూతపడింది. ప్లంకెట్ యూకే లాంటి సంస్థలు సలహా ఇస్తాయి, ముందు వాళ్లకి ఫోన్ చేయండి.

మన తెలుగు సంఘాల వాళ్లకి ఒక పక్క మాట. ప్రతి ఉగాదికీ స్కూల్ హాలు అద్దెకి తీసుకుని, సాయంత్రం ఆరింటికల్లా కుర్చీలు మడిచి, పులిహోర గిన్నెలు కార్లలో సర్దుకుని పోవడమేనా ఎప్పటికీ? వెనక కార్ పార్కు ఒక బిల్డర్‌కి ఇళ్లకి అమ్మి ఆ డబ్బుతో ముందున్న బిల్డింగ్‌ని హాలుగా మార్చుకోవడం కాగితం మీద కుదిరే పనే. దానికీ పర్మిషన్ కావాలి, పబ్ పోతోందన్న అభ్యంతరం దీనికీ వస్తుంది, కానీ అందరూ వాడుకునే హాలుగా చూపిస్తే ఫ్లాట్ల కంటే బలమైన వాదన. మా సంఘంలో ఈ మాట ఎత్తితే కమిటీ ఎన్నికల గొడవలో కొట్టుకుపోయింది.

ఎలా కొనాలి అన్నది కూడా ఒక ఎంపికే

హైదరాబాద్‌లో, విజయవాడలో స్థలం ఉన్నవాళ్లు బిల్డర్‌కి 'డెవలప్‌మెంట్‌కి' ఇచ్చి చెరి సగం ఫ్లాట్లు తీసుకోవడం మనకి అలవాటైన పద్ధతి. ఇక్కడ చిన్న సైట్లకి అది మామూలు కాదు. దానికి బదులు 'ఆప్షన్' అని ఉంటుంది, కొంత సొమ్ము కట్టి ఇంత కాలంలోపు ఇంత ధరకి కొనే హక్కు మనం అట్టిపెట్టుకుంటాం. లేదా పర్మిషన్ వస్తేనే కొంటాం అన్న షరతుతో కాంట్రాక్ట్. నేరుగా కొంటే ధర కొంచెం తగ్గుతుంది, కానీ రిస్క్ మొత్తం మన నెత్తినే. మొదటిసారి దిగే వాళ్లకి నేనైతే షరతు కాంట్రాక్టే చెబుతాను, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సరే.

ఎందుకంటే ఖాళీ పబ్ ఊరికే కూర్చోదు. మూడు నెలలు దాటాక ఖాళీ బిల్డింగ్ మీద కూడా బిజినెస్ రేట్స్ (వ్యాపార కట్టడాల మీద పన్ను) పూర్తిగా కట్టాలి (లిస్టెడ్ బిల్డింగ్‌కి, అంటే రక్షిత కట్టడానికి, మినహాయింపు ఉంది). ఖాళీ బిల్డింగ్ ఇన్సూరెన్స్ వేరు, దాని రేటు వేరు, పైగా వారం వారం వెళ్లి చూసి రాసిపెట్టమంటారు. సీసం రేకులు, రాగి పైపులు ఎత్తుకుపోతారు. కొత్త కట్టడాల మీద లెవీ వేసే కౌన్సిల్ అయితే పాత బిల్డింగ్ విస్తీర్ణాన్ని అందులోంచి తగ్గించుకోవచ్చు, కానీ సాధారణంగా పర్మిషన్ వచ్చే రోజుకి ముందు మూడేళ్లలో కనీసం ఆరు నెలలు వరసగా అది వాడకంలో ఉండి ఉండాలి. నాలుగేళ్లుగా మూతపడ్డ పబ్ చవగ్గా వస్తోందని సంబరపడితే ఆ తగ్గింపు పోయిందేమో చూసుకోండి. అమ్మేది పెద్ద పబ్ కంపెనీ అయితే టైటిల్‌లో "ఇకపై ఇక్కడ పబ్ నడపరాదు" అన్న షరతు కూడా ఉండొచ్చు, అప్పుడు కింద పబ్ ఉంచే దారి మూసుకుపోయినట్టే.

పల్లెలో ఒకే ఒక్క పబ్ అయితే దాని గురించి ఎక్కువ రాయను. ఇళ్ల కోసం దాని జోలికి పోకండి, మీ పేరు ఆ ఊళ్లో పదేళ్లు గుర్తుంటుంది.

పక్కింటి వాళ్లయితే

అందరూ కొనేవాళ్లే ఉండరు, పక్క వీధిలో ఉండి, ప్లానింగ్ అప్లికేషన్ వచ్చిందని కట్టే పసుపు నోటీసు చూసి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. కామెంట్లకి మామూలుగా 21 రోజులు ఉంటాయి. "మా ఇంటి రేటు పడిపోతుంది", "మా కిటికీలోంచి చెట్లు కనపడవు" అని రాస్తే వాటిని లెక్కలోకి తీసుకోరు. కొత్త ఇంటి కిటికీ మీ తోటలోకి సూటిగా చూస్తోందా, మీ ఇంటికి వెలుతురు తగ్గుతుందా, బిన్ లారీ తిరిగే చోటుందా, మార్కెటింగ్ రుజువుల్లో అడిగిన ధర న్యాయమైనదేనా, ఇలాంటివి రాయండి. యాభై మంది ఒకే ఉత్తరం కాపీ చేసి పంపడం కంటే ఇద్దరు కొలతలతో రాసింది బలంగా ఉంటుంది.

మేం ఎందుకు వెనక్కి తగ్గాం

మా ప్లాన్ మూడో రకమే, చిన్న పబ్, పైన రెండు ఫ్లాట్లు, వెనక ఆరు ఇళ్లు. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లు వచ్చాయి, కౌన్సిల్‌తో ముందస్తు సలహా మీటింగ్ ఫీజు కట్టి వెళ్లొచ్చాం, ఆఫీసర్ మరీ నిరుత్సాహపరచలేదు కూడా. ఆ తర్వాత మా సొలిసిటర్ (లాయర్) డ్రైనేజీ సెర్చ్, అంటే భూమి కింద మురుగు పైపులు ఎక్కడున్నాయో చూపే రిపోర్టు, తెప్పించింది. మ్యాప్‌లో కార్ పార్కుకి అడ్డంగా, ఒక మూల నుంచి ఇంకో మూలకి ఎర్ర గీత. పబ్లిక్ సీవర్, అంటే ఊరందరి మురుగు పైపు. దానికి మూడు మీటర్లలోపు కట్టాలంటే నీళ్ల కంపెనీ ఒప్పుకోవాలి, పైపు పెద్దదైతే ఒప్పుకోవడం కష్టం, పక్కకి మళ్లించాలంటే ఖర్చు మనదే. ఆరు ఇళ్లు నాలుగయ్యాయి, నాలుగుతో అమ్మేవాడు అడిగే ధర కుదరదు, ఆయన తగ్గించనన్నాడు. డ్రాయింగ్‌ల ఖర్చులో పదో వంతు కూడా లేని ఆ సెర్చ్ మేం మొదట తెప్పించి ఉంటే ఆర్నెల్ల కిందే ఇంటికెళ్లి పడుకునేవాళ్లం. కాబట్టి వరస ఇది: ముందు టైటిల్, డ్రైనేజీ మ్యాప్, కమ్యూనిటీ అసెట్ జాబితా, కన్జర్వేషన్ ఏరియా (పాత రూపం కాపాడాల్సిన ప్రాంతం) అవునా కాదా. ఇవన్నీ సరే అంటేనే ఆర్కిటెక్ట్.

ఆ పబ్‌ని తర్వాత ఇంకెవరో కొన్నారు, ఎంతకో తెలియదు. పోయిన నెల లాంప్ పోస్ట్‌కి పసుపు నోటీసు కట్టారు. కింద పబ్, పైన రెండు ఫ్లాట్లు, వెనక నాలుగు ఇళ్లు, ఎర్ర గీత ఉన్న చోట పార్కింగ్. నేను సపోర్ట్ అని కామెంట్ పెట్టాను. బీరు లారీ ఎక్కడ ఆగుతుందో మాత్రం ప్లాన్‌లో ఎంత వెతికినా కనిపించలేదు, అదీ రాశాను.